పడిన చెట్టుకు మరణపత్రం ఎవరిచ్చారు?

తుపాను వెలిసిన రెండు వారాల్లో మన తీరప్రాంతంలో రెండు రకాల రచనలు వెలువడతాయి. మొదటిది ప్రభుత్వ కార్యాలయాల్లో తయారయ్యే నివేదిక. ఇన్ని వేల చెట్లు కూలినవి, ఇన్ని తొలగించబడినవి, ఇంకా తొలగించవలసినవి ఇన్ని అని అందులో లెక్క ఉంటుంది. రెండవది పత్రికల ఆదివారం అనుబంధాల్లో వచ్చే స్మృతిగీతం. ఊరి చివరి మర్రి, బడి ముందరి వేప, పెరటి మామిడి ఇక లేవని కవి అందులో విలపిస్తాడు. ఈ రెండింటినీ రాసేవారు ఒకరినొకరు ఎరగరు. ఎరిగినా మెచ్చరు. అయినా ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఏకాభిప్రాయమే. పడిన చెట్టు చచ్చిపోయిందని ఇద్దరూ నమ్ముతారు.

ఆ నమ్మకం చాలావరకు అబద్ధమన్నదే నా వాదం. గాలికి ఒరిగిన చెట్టు, సగం వేళ్ళు పైకి లేచిన చెట్టు, కొమ్మలన్నీ విరిగి మొండిగా నిలిచిన చెట్టు చాలా సందర్భాల్లో బతికే ఉంటుంది. అది చచ్చేది తుపాను నాడు కాదు. నాలుగైదు రోజుల తరువాత, పారిశుధ్యం పేరిట, మనుషుల చేతుల్లో చస్తుంది. ఆ మరణాన్ని కూడా మనం తుపాను ఖాతాలోనే జమకట్టి చేతులు దులుపుకుంటాం. నేను ప్రభుత్వోద్యోగిని, నివేదికల భాష నాకు పరాయిది కాదు. చదువుకున్నది చరిత్ర గనుక, ఏ దస్తావేజులో ఏ సంగతి ఎందుకు నమోదు కాలేదో వెతకడం కొంత అలవాటు. ఆ రెండు అర్హతలతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గాలివేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. ఒక మహానగరం మీదుగా తుపాను కన్ను నేరుగా సాగిపోవడం మన దేశంలో అరుదు. గాలి ఒక దిక్కునుంచి కొట్టింది, కొంతసేపు ఆగింది, జనం అయిపోయిందనుకుని తలుపులు తీశారు, అప్పుడు ఎదురు దిక్కునుంచి మళ్ళీ విరుచుకుపడింది. మొదటి విడతకు నిలిచిన చెట్లు అనేకం రెండో విడతకు కూలాయి. ఒక వైపు లాగి వదులుచేసిన వేళ్ళను రెండో వైపునుంచి తోసేస్తే ఏ మాను నిలుస్తుంది?

అప్పుడు నేను ఉద్యోగరీత్యా వేరే రాష్ట్రంలో ఉన్నాను. విశాఖ విమానాశ్రయం దెబ్బతిన్నది, ఫోన్లు మూగబోయాయి. మా అమ్మ క్షేమంగా ఉన్నదన్న కబురు ఎవరెవరి నోటనో చేరి నన్ను అందుకునేసరికి ఒకటిన్నర రోజు పట్టింది. రాజమండ్రి దాకా రైలు మీద, అక్కడినుంచి దొరికిన వాహనాల మీద ప్రయాణం చేసి 15వ తేదీ పొద్దుటికి సింహాచలం కొండ దిగువన ఉన్న మా ఇంటికి చేరాను. దారిపొడవునా కొండలు కాలిపోయినట్టు గోధుమరంగులో ఉన్నాయి. నిప్పు అంటిన జాడ ఎక్కడా లేదు. ఆకులను గాలి దూసేసింది, మిగిలినవాటిని ఉప్పు గాలి మాడ్చింది. అడవంతా పోయిందని బస్సులో ఒకాయన ఏడ్చినంత పని చేశాడు. ఆ కొండలే నెల తిరగకుండా లేత చివుళ్ళతో ఎర్రబారి, తరువాత పచ్చబడ్డాయి. విశాఖవాసులందరూ కళ్ళారా చూసిన సంగతే ఇది. చూసి కూడా దానినుంచి మనం ఏమీ నేర్చుకోలేదు.

మా పెరట్లో సువర్ణరేఖ మామిడి ఒకటి ఉండేది. సువర్ణరేఖ ఈ ప్రాంతపు సొంత రకం. అన్నిటికన్నా ముందు కాపుకొస్తుంది, బుగ్గన ఎర్రని జీర తేలుతుంది. మా తాతగారు నాటిన చెట్టది. మా ఇంట్లో వయసులను దానితో కొలిచేవారు. పిన్నికి పెళ్ళయిననాటికి చెట్టు గోడెత్తు, నాకు అక్షరాభ్యాసమైన ఏడు రెండు గంపల కాపు. ఇంటిముందు చేరిన రేకులూ తీగలూ దాటుకుని వెనక్కి వెళ్ళేసరికి మొదట కనిపించింది ఆకాశం. ఎప్పుడూ ఆకులుండే చోట అంత ఆకాశం కనిపించడమే వింతగా తోచింది. తరువాత చెట్టు కనిపించింది. ప్రహరీగోడ మీదికి ఒరిగి ఉంది. మూడు పెద్ద కొమ్మల్లో ఒకటి మొదలంటా చీలి వేలాడుతోంది. తూర్పు వైపు వేళ్ళు మట్టిగడ్డతో సహా పైకి లేచాయి. పడమటి వేళ్ళు మాత్రం భూమిలోనే ఉన్నాయి. లేచిన వేళ్ళ మీద తడి గోనెసంచులు కప్పి ఉన్నాయి. వాటిని మూడు రోజులుగా కప్పి తడుపుతున్నది మా అమ్మ. కరెంటు లేదు, కుళాయి లేదు. చేదబావినుంచి నీళ్ళు తోడి పోస్తోంది.

"వేళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి నాన్నా. సగం వేరు నేలలోనే ఉంది. బతుకుతుంది" అంది. ఆమె వృక్షశాస్త్రం చదువుకోలేదు. ఆమె మాటలో వృక్షశాస్త్రానికి విరుద్ధమైనది ఒక్క అక్షరం లేదు.

మరునాడు నేను తాళ్ళకోసం, చెట్టు లేపే చైన్ కప్పీకోసం, ఇంటికి కావలసిన పాలూ కిరసనాయిలూ కోసం వరుసల్లో నిలబడి ఉండగా, వీధిలో చెట్లు తీసే బృందం వచ్చింది. మా చెట్టు కొమ్మ ఒకటి గోడ దాటి సందులోకి, తెగిన కరెంటు తీగల మీదికి వాలి ఉంది. దాన్ని తీయవలసిందే. అమ్మ కూడా అదే చెప్పింది.

"ఆ కొమ్మ కోసుకెళ్ళండి బాబూ. మాను జోలికి మాత్రం రాకండి."

"ఆర్డరు అలాగుందమ్మా. పడిపోయిన చెట్టు ఒక్కటీ ఉండకూడదన్నారు. మేం లెక్క చూపించాలి."

నేను తిరిగి వచ్చేసరికి ఏడు దుంగలున్నాయి. మొదలు నేలమట్టానికి కోసేశారు. కోసినచోట జిగురు కారుతోంది. మేస్త్రీ దగ్గరున్న పుస్తకంలో ఆ సందు పేరు కింద 'మామిడి - 1, తొలగించబడినది' అని రాసి ఉంది. ఆ బృందం ఏ కార్యాలయం తరఫున వచ్చిందో చెప్పడం నాకు అక్కరలేని పని. ఆ కూలీలు నాలుగు రోజులుగా నిద్ర లేకుండా పనిచేస్తున్నారు. అమ్మే వారికి మజ్జిగ ఇచ్చింది. నాకు పేచీ మనుషులతో కాదు, ఆ పుస్తకంలోని గడితో.

ఎందుకంటే, మా ఇంటికి మూడిళ్ళ అవతల అచ్చం అలాగే ఒరిగిన మామిడి ఇంకొకటి ఉంది. ఆ సందులోకి ట్రాక్టరు పట్టదు. పట్టలేదు గనుక ఆ చెట్టు ఏ లెక్కలోకీ ఎక్కలేదు. ఇంటివారు దానికింద రెండు తాటి పట్టెలు పోటు పెట్టి, వేళ్ళమీద చెరువు మట్టి పోసి వదిలేశారు. డిసెంబరులో చివురు వేసింది. 2017 వేసవిలో కాసింది. ఇప్పటికీ ఒరిగే ఉంది; పిల్లలకు ఎక్కడానికి మరీ వీలుగా ఉంది. ఒకే గాలి, ఒకే నేల, ఒకే జాతి. ఒకటి బతకడానికీ ఒకటి చావడానికీ తేడా సందు వెడల్పు.

చెట్టుకు ప్రాణం ఎక్కడుంటుందో కొంచెం ఆలోచించాలి. జంతువుకు గుండె ఒకచోట ఉంటుంది, అది ఆగితే అంతే. మామిడి, వేప, రావి, చింత వంటి వృక్షాల ప్రాణం ఒకచోట లేదు. బెరడు కింద ఉండే పలుచని పచ్చటి పొర మొదలునుంచి చివరి రెమ్మ దాకా పరుచుకుని ఉంటుంది. కొనగోటితో బెరడు గీకితే ఆ పచ్చదనం, తడి కనిపిస్తే చెట్టు బతికి ఉన్నట్టే. ఆకులన్నీ రాలినా, కొమ్మలు విరిగినా, నిద్రాణంగా ఉన్న మొగ్గలు ఆ పొరనుంచే లేస్తాయి. వేళ్ళలో కొంత భాగం నేలలో ఉంటే నీరు అందుతుంది. నీటి ఖర్చు తగ్గించడానికి శిఖను కొంత కత్తిరించి, చిరిగిన వేళ్ళను నున్నగా కోసి, కోతలమీద బోర్డో పేస్టు పూసి, మట్టి ఎగదోసి, పోట్లు పెడితే చాలా చెట్లు కోలుకుంటాయి. తుపానుల తరువాత మామిడి, జీడిమామిడి తోటల రైతులకు ఉద్యానశాఖవారు ఇచ్చే సలహా కూడా దాదాపు ఇదే: లేత చెట్లను త్వరగా లేపి నిలబెట్టండి, విరిగినవాటిని కత్తిరించండి, మొదళ్ళలో కాపర్ ఆక్సీక్లోరైడ్ ద్రావణం పోయండి. అంటే ఒక శాఖ లేపి నిలబెట్టమన్న చెట్టునే మరొక శాఖ ముక్కలు చేసి లారీకెత్తుతోంది. తోటలో ఉంటే రోగి, వీధిపక్కన ఉంటే శవం.

అన్ని చెట్లకూ ఈ మాట వర్తించదు. కొబ్బరి సంగతి వేరు. దానికి ఉన్నది ఒకే మొవ్వు. అది మెలిపడి విరిగితే మళ్ళీ చిగురించే చోటు దాని ఒంటిమీద ఇంకెక్కడా లేదు. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమ, 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపానులో ఉద్దానం పోగొట్టుకున్న కొబ్బరి నిజంగానే పోయిన కొబ్బరి. అక్కడ కొమ్మ కత్తిరించండి, ఓపిక పట్టండి అని చెప్పడం రైతును వెక్కిరించడమే. కానీ ఆ తేడా తెలిసినవాడే కొబ్బరిని కొబ్బరిగా, మామిడిని మామిడిగా చూడగలడు. రంపం పట్టినవాడికి ఆ తేడా చెప్పినవారెవరు?

తేడాలు చూడటం మన పాలనకు కొత్త విద్య కూడా కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో పురోద్యానాల్లోని పూలచెట్లకు, పండ్లచెట్లకు, నీడచెట్లకు కలిగించే నష్టానికి దండనలు నిర్ణయించి ఉన్నాయి. చివుళ్ళు తుంచితే 6 పణాలు, చిన్న కొమ్మ నరికితే 12, పెద్ద కొమ్మ నరికితే 24. మాను నరికితే ప్రథమ సాహస దండం, చెట్టునే పెకలిస్తే మధ్యమ సాహస దండం. దండనల కాఠిన్యాన్ని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. ఆ శాస్త్రకారుడు చెట్టుకు కలిగే హానిలో అయిదు తరగతులు చూశాడు. చివురు వేరు, కొమ్మ వేరు, మాను వేరు, వేరు వేరు. మన తుపాను నమూనాలో ఉన్నది ఒకే గడి: కూలిన చెట్లు. మద్రాసు రాజధాని రెవెన్యూ నిబంధనల్లో చెట్టు పట్టా అనే పద్ధతి ఉండేది. భూమి సర్కారుది, దానిమీది చెట్టు ఫలసాయం పట్టాదారుది. సర్కారు తన రాబడికోసమైనా సరే, ఒక్కొక్క చెట్టును కాగితం మీద గుర్తించింది. శిస్తు వసూలుకు పనికొచ్చిన ఆ శ్రద్ధ సహాయ పునరావాసాల నాటికి ఎక్కడికి పోయిందో చరిత్ర విద్యార్థులు ఆలోచించదగిన విషయం.

నేటి నష్ట గణనలో ఇంటి చెట్టుకు చోటు లేదు. ఇల్లయితే పూర్తిగా కూలినది, పాక్షికంగా దెబ్బతిన్నది అని రెండు రకాలున్నాయి. పంటయితే 33 శాతం, అంతకుమించిన నష్టం అని గీత ఉంది. 2015కు ముందు ఆ గీత 50 శాతం దగ్గర ఉండేది. శాశ్వత తోటలకు హెక్టారు లెక్కన సాయం ఉంది. పెరట్లోని ఒక్క చెట్టు హెక్టారు కాదు గదా. అది గణనలో ఆస్తి కాదు. తొలగింపు లెక్కలో మాత్రం చెత్త. దానికి పరిహారం ఇమ్మని నేను అడగడం లేదు. ఆ ఒక్క చెట్టు విలువను రూపాయల్లో కట్టడం మొదలుపెడితే దాని పేరుతో మరో పైరవీ మొదలవుతుందని ఈ ఉద్యోగంలో ఉన్నవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. పాక్షికంగా దెబ్బతిన్నదన్న గౌరవం ఇంటికి ఉన్నట్టే చెట్టుకూ ఉండాలన్నదే నా కోరిక. గోడ కూలిందని ఇల్లంతా నేలమట్టం చేసే అధికారి లేడు.

దీనికి వచ్చే మొదటి జవాబు నాకు తెలుసు. తుపాను కంట్రోలు రూములో కూర్చున్న ఏ అధికారి అయినా ఇదే అంటాడు: అంబులెన్సు వెళ్ళాలి, కరెంటు స్తంభం నిలబెట్టాలి, మంచినీళ్ళ ట్యాంకరు రావాలి, ఆ సమయంలో చెట్టు నాడి చూస్తూ కూర్చోమంటారా? న్యాయమైన మాటే. రోడ్డుకు అడ్డంగా ఉన్నది ఆ గంటలోనే పోవాలి. తీగమీద పడినది పోవాలి. పాక మీదికి ఒరిగి రేపో మాపో పడబోయేది పోవాలి. వీటి విషయంలో వాదన లేదు. కానీ రోడ్లు తెరుచుకున్న తరువాత కూడా ఆ పని ఎన్ని రోజులు సాగుతుందో గమనించండి. ఆపద తీరిపోయింది, ఆర్డరు మిగిలింది. పార్కుల్లోకి, కళాశాల ఆవరణల్లోకి, పెరళ్ళలోకి రంపం మిషన్లు అప్పుడే వెళ్ళాయి. తొలగించిన చెట్ల సంఖ్య పెరిగేకొద్దీ నివేదిక బాగుంటుంది. దుంగల టన్నులు పెరిగేకొద్దీ ఎత్తుకెళ్ళేవాడికీ బాగుంటుంది. బతికించిన చెట్ల సంఖ్య అడిగే గడి లేదు గనుక బతికించినవాడి పని ఎవరి కంటికీ ఆనదు. గడి లేని పనిని ప్రభుత్వంలో ఎవరూ చేయరు. ఈ వాక్యం చదివి నవ్వుకునే సహోద్యోగులకు అది నిజమని తెలుసు.

మరి ప్రభుత్వానికి పడిన చెట్టును బతికించడం చేతకాదా? చేతనవును, చెట్టుకు పేరుంటే. బుద్ధగయలోని బోధివృక్షం 1876లో తుపానుకు కూలింది. 1881లో అలెగ్జాండర్ కన్నింగ్‌హాం దాని సంతతి మొక్కనే అక్కడ నాటించాడు. ఈనాడు లోకమంతా మొక్కేది దానికే. హౌరా వృక్షోద్యానంలోని మహావటం 1864, 1867 తుపానుల్లో కొమ్మలు విరిగి, ఆ గాయాల గుండా బూజు పట్టింది. (ఆ 1864వ సంవత్సరం నవంబరు 1న మన బందరును ఉప్పెన ముంచి సుమారు 30,000 మందిని బలిగొన్నది; తూర్పు తీరానికి అది పాడు సంవత్సరం.) ఆ వటవృక్షం అసలు మాను కుళ్ళగా 1925లో దాన్ని తీసేశారు. మాను లేకుండా, ఊడల మీద, చెట్టు ఈనాటికీ బతికే ఉంది. 2020 మే 20న ఆంఫన్ తుపాను దాని ఊడలు కొన్నిటిని కూల్చితే ఉద్యానవనంవారు రంపం తేలేదు, పోట్లు తెచ్చారు. అడయారు మర్రి అసలు మాను 1989లో గాలివానకు పడిపోయింది. మాను పోయినా మర్రి పోలేదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కొమ్మ 2017 డిసెంబరులో విరిగితే, చెదలు పట్టిన ఆ వృక్షానికి 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి బొట్టుబొట్టుగా మందెక్కించారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. కొందరు నవ్వారు, నాకు ప్రభుత్వోద్యోగి చేసిన గొప్ప పనుల్లో అదొకటిగా తోచింది.

పేరులేని చెట్టుకు కూడా ఈ భాగ్యం పట్టిన సందర్భం ఒకటి తెలంగాణలోనే ఉంది. రాజన్న సిరిసిల్ల జిల్లా సుద్దాల గ్రామంలో వానలకు కూలిన పాత మర్రికి ఊరివాడొకరు నెలల తరబడి నీళ్ళు పోసి చిగురింపజేశాడు. 2022లో దాన్ని క్రేన్లతో ఎత్తి వాహనం మీద తరలించి మరోచోట నాటారు. కూలి నెలలు గడిచిన మాను! దానికి మరణపత్రం ఇచ్చేవారు అందరూ ఇచ్చే ఉంటారు.

విదేశీ ఉదాహరణ చెబితే తప్ప నమ్మనివారికోసం ఒక్కటి. 1987 అక్టోబరులో ఇంగ్లండును ఊపేసిన గాలివానలో సుమారు కోటిన్నర చెట్లు కూలాయి. క్యూ వృక్షోద్యానంలో అప్పటికే నీరసించి ఉన్న ఒక పాత ఓక్ చెట్టును గాలి వేళ్ళతో సహా పైకెత్తి మళ్ళీ అదే గోతిలో కూర్చోబెట్టింది. పోయేదేలే అని పోట్లు పెట్టి వదిలేశారు. మూడేళ్ళకు చూస్తే మునుపెన్నడూ లేనంత ఏపుగా ఉంది. దశాబ్దాలుగా సందర్శకుల కాళ్ళ కింద గట్టిపడిన నేలను గాలి ఒక్క ఊపుతో గుల్ల చేసిందని అప్పుడు వారికి అర్థమైంది. మన పట్టణాల్లో చెట్టు మొదలు చుట్టూ సిమెంటు పోసి అందమనుకుంటాం. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తొలగించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించవలసి వచ్చింది. మిగతా నగరాల సంగతి పాఠకులు తమ వీధిలో చూసుకోవచ్చు. అలా ఊపిరాడని వేళ్ళతో నిలిచిన చెట్టు కూలితే తప్పు గాలిది అంటున్నాం.

ఇక సాహిత్యం సంగతి. ఈ పత్రిక చదివేవారిలో సగం మంది రచయితలు గనుక మొహమాటం లేకుండా చెబుతాను. కూలిన చెట్టు మీద మనకు వచ్చిన కవిత్వంలో అధికభాగం చెట్టును చూడకుండా రాసినది. చెట్టు తల్లి, చెట్టు తాత, చెట్టు గతం. గతం కూలింది, కవి ఒంటరి. ఒక్క కవి కూడా వంగి బెరడు గీకినట్టు కనబడదు. కొమ్మ ఏ వైపు చీలిందో, వేరు ఎంత లేచిందో, మూడో వారంలో ఏ కణుపు దగ్గర మొగ్గ కట్టిందో పద్యంలో ఉండదు. దుఃఖానికి సమాచారం అక్కరలేదన్న అపోహ ఒకటి మన వారిలో పాతుకుపోయింది. పడిన చెట్టు చక్కని ప్రతీక. బతికి, వంకరగా, అనాకారిగా, పోట్ల మీద నిలిచిన చెట్టు ప్రతీకగా పనికిరాదు; అది కేవలం చెట్టు. రంపం తెచ్చినవాడికి రోడ్డు కావాలి, కవికి ముగింపు కావాలి. ఇద్దరికీ అడ్డం వచ్చేది దాని ప్రాణమే.

మన ప్రణాళికల్లోనూ ఇదే పోకడ. అశోకుడు చెట్లు నాటించెను అని చిన్నప్పుడు వల్లెవేసిన పాఠం ప్రభావమో ఏమో, మనకు తెలిసిన క్రియ ఒక్కటే: నాటించెను. ఆ మర్రులకు నీళ్ళెవరు పోశారని పరీక్షలో ఎవరూ అడగలేదు. తుపాను వెళ్ళిన నెలలో లక్షల మొక్కల ఉత్సవం జరుగుతుంది, పలుగు పట్టుకుని ఫొటోలు దిగుతారు. మొక్కలు నాటడం తప్పని ఎవరంటారు? కానీ యాభై ఏళ్ళ మానును నరికి, దాని బదులు మూరెడు మొక్కను పెట్టి, లెక్క సరిపోయిందనడం ఏ అంకగణితం? ఆ నీడ, ఆ కాపు, ఆ వేరు పట్టు తిరిగి రావడానికి యాభై ఏళ్ళే పడుతుంది. ఆలోపు ఈ తీరానికి ఎన్ని తుపానులు వస్తాయో వాతావరణ శాఖవారి పాత పటాలు చూస్తే తెలుస్తుంది.

చెట్టే ప్రమాదకారి, తుపాను నాడు మనుషులను చంపేది చెట్లే అనేవారూ ఉన్నారు. కొన్నిచోట్ల నిజం. 1977 నవంబరు 19 ఉప్పెనలో తాటిచెట్టును కరుచుకుని ప్రాణం దక్కించుకున్నవారి కథలు దివిసీమలో ఇప్పటికీ చెబుతారు. అదీ నిజం. ఏ చెట్టు ఎక్కడ ఉండాలి, ఏది ఎంత ఎత్తుకు కత్తిరించి ఉంచాలి అనేది సెప్టెంబరులో ఆలోచించవలసిన విషయం. అక్టోబరులో రంపం పట్టుకున్నవాడితో చేయించే నిర్ణయం కాదు.

చట్టం లేక కాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, మనం వాల్టా అని పిలుచుకునేది, అనుమతి లేనిదే చెట్టు నరకకూడదని చెబుతుంది. మామూలు రోజుల్లో తన పెరటి చెట్టు కొట్టుకోవడానికి పౌరుడు దరఖాస్తు పెట్టుకోవాలి. తుపాను మరునాడు అదే చెట్టును అతని మాట వినకుండా నరికేయవచ్చు. ఈ వైపరీత్యాన్ని తొలగించడానికి కొత్త శాసనం అక్కరలేదు, ఒక్క ఉత్తర్వు చాలు. దారికి, తీగకు, ఇంటికి అడ్డం లేని చెట్టును నెల రోజుల వరకు ముట్టరాదు. ప్రైవేటు ఆవరణలో ఉన్నదైతే ఇంటివారి సంతకం లేకుండా మాను కోయరాదు. అడ్డంగా ఉన్న కొమ్మను కోస్తే కొమ్మ కోసినట్టు, చెట్టు కోస్తే చెట్టు కోసినట్టు వేర్వేరుగా రాయాలి. ప్రతి మండలంలో ఉద్యానశాఖ ఉద్యోగి ఉంటాడు. రంపం బృందంతో అతను గాని, అతను నేర్పిన మనిషి గాని ఉండాలి. లేపిన చెట్లు, పోట్లు పెట్టిన చెట్లు, ఆరు నెలలకు చిగురించిన చెట్లు అని నమూనాలో మూడు గడులు చేర్చాలి. ఆ గడులు చేరిన ఏడాదే అధికారుల్లో వృక్షప్రేమ పుట్టుకొస్తుందని నేను పూచీ పడగలను.

డబ్బెక్కడిదని అడుగుతారు. తాళ్ళు, గోనెసంచులు, సరుగుడు కర్రలు, నాలుగు బకెట్ల బోర్డో మిశ్రమం, ఒకటి రెండు చైన్ కప్పీలు. మా అమ్మ దగ్గర వీటిలో గోనెసంచులే ఉన్నాయి, వాటితోనే మూడు రోజులు నడిపింది. ఏటా వానాకాలానికి ముందు రంపం మిషన్లకు, ట్రాక్టర్లకు, కూలీలకు ముందస్తు టెండర్లు పిలిచే కాగితం ఒకటి తీర జిల్లాలన్నిటిలో తయారవుతుంది. సరుగుడు పోట్ల పద్దు అందులోనే ఒక వరుసగా చేర్చవచ్చు. వేరే ఫైలు తెరవనక్కరలేదు.